తక్‌పట్టీకి తగిన ఫ్రేమ్‌వర్కు ఏది?

వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో, రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి చిన్న స్క్రీను కావాల్సి వచ్చింది. రైతు పేరు, ఊరు, బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, కోతలు పోను చేతికొచ్చేదెంత. చివర్లో తక్‌పట్టీ, అంటే రైతు చేతికిచ్చే లెక్క చీటీ, ప్రింటు. ఇంత జటిలమైన వ్యవహారాన్ని ఏ ఫ్రేమ్‌వర్కులో, అంటే స్క్రీన్లు కట్టడానికి ముందే సిద్ధం చేసి పెట్టిన కోడు చట్రంలో, కట్టాలనే విషయం మీద హన్మకొండలో జరిగిన, జరుగుతున్న, జరగబోయే సమావేశాలన్నిటినీ దగ్గరుండి గమనిస్తున్నవాడిగా, ఈ చర్చకు పత్రికాముఖంగా కొంత శాస్త్రీయత తేవడం నా కర్తవ్యం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఫ్రేమ్‌వర్కును పని చూసి ఎంచుకుంటారని బయటివాళ్లు అనుకుంటారు. ఇది చాలా వెనుకబడిన ఆలోచన. పనినే ఫ్రేమ్‌వర్కుకు తగ్గట్టు చూసుకోవాలి. పనిదేముంది, ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. రెజ్యూమే అలా కాదు, వెంట వస్తుంది. కాటి దాకా కాకపోయినా కనీసం గచ్చిబౌలి దాకా.

నిజానికి ఆ దుకాణంలో ఇప్పటికే ఒక పేజీ ఉంది. సేటు మేనల్లుడు డిగ్రీ చదివే రోజుల్లో జేక్వెరీ అనే పాత కోడు లైబ్రరీతో చేసి పెట్టి, తర్వాత పెళ్లి చేసుకుని కరీంనగర్ వెళ్లిపోయాడు. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది ఆగిపోలేదు కూడా. ఉదయం తెరుస్తారు, లెక్క కొడతారు, సాయంత్రం మూస్తారు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా? ఒక్క అప్‌డేట్ లేదు, ఒక్క మైగ్రేషన్ లేదు, ఆ పేజీ వల్ల ఇన్నేళ్లలో ఒక్క నిరుద్యోగికీ ఉపాధి దొరకలేదు. జేక్వెరీ 2006లో పుట్టింది. ఇప్పటికీ ప్రపంచంలో లెక్కలేనన్ని సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. ఇంతమంది ఇంకా వాడుతున్నారంటేనే అది పనికిరానిదని తెలియడం లేదూ? సమావేశం దాన్ని మొదటి నిమిషంలోనే పోటీ నుంచి తొలగించింది. పనిచేస్తున్నదాన్ని పోలికలోకి తెస్తే మిగతావాటికి అన్యాయం జరుగుతుంది గదా.

పోలికలకు మనవాళ్లు కొత్త కాదు. ‘రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్’ అనే మాటను మాక్రోమీడియా కంపెనీ 2002లో వాడుకలోకి తెచ్చింది. అప్పటిదాకా వెబ్ పేజీ అంటే బటన్ నొక్కగానే మొత్తం తెల్లబడి, కాసేపటికి మళ్లీ మొదటి నుంచి రావడమే. ఇకపై అలా ఉండదు, డెస్క్‌టాప్ ప్రోగ్రాములా చకచకా కదులుతుంది, అదే సంపద అన్నారు. 2004లో వాళ్లదే ఫ్లెక్స్ వచ్చింది, బ్రౌజరుకు తగిలించే ఫ్లాష్ అనే ప్లగిన్ మీద నడిచేది. 2007లో మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ తెచ్చింది. మరుసటి ఏడు సన్ కంపెనీ జావాఎఫ్‌ఎక్స్‌ను బయటికి వదిలింది. ఇక చూడండి పట్టికలు! ఏది వేగం, దేనికి వీడియో బాగా ఆడుతుంది, ఏ ప్లగిన్ ఎంతమంది కంప్యూటర్లలో ఉంది. ఒక్కొక్క గడిలో టిక్కులు, ఇంటూలు. ఎంత నిష్ఠగా చేసిన పట్టికలవి! బీజింగ్ ఒలింపిక్స్‌ను అమెరికాలో సిల్వర్‌లైట్‌లో చూపించారు కాబట్టి అది గెలిచినట్టేనని 2008లో తేల్చినవాళ్లున్నారు.

2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ తన ఫోన్లలోకి ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వడో వివరిస్తూ ఒక బహిరంగ లేఖ రాశాడు. మరుసటి ఏడు, అప్పటికే మాక్రోమీడియాను కొనేసిన అడోబీ వాళ్లు ఫ్లెక్స్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించి చేతులు దులుపుకున్నారు. 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు మద్దతు ఆగింది. 2021 అక్టోబరు 12న సిల్వర్‌లైట్‌కూ అదే గతి పట్టింది. జావాఎఫ్‌ఎక్స్ బ్రౌజరు వదిలి డెస్క్‌టాప్‌లో తలదాచుకుంది. పట్టికల్లో మాత్రం తప్పేమీ లేదు. టిక్కులన్నీ సరైన గడుల్లోనే ఉన్నాయి. పోల్చిన సరుకే మిగల్లేదు.

ఇందులో నన్ను ఇప్పటికీ వేధించే సంగతి ఒకటుంది. ఆ పోటీలో చివరికి నెగ్గింది పట్టికలో పేరైనా లేని ఒక పాత వస్తువు. వెబ్‌లో ఔట్‌లుక్ మెయిల్ నడవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఒక చిన్న పరికరం చేసుకుని 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో పెట్టారు. పేజీని కదపకుండా వెనక నుంచి సర్వరుతో మాట్లాడటం దాని పని. ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ అని నోరు తిరగని పేరు. దాంతోనూ, బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో నమూనా తయారుచేసిన బ్రౌజరు భాష జావాస్క్రిప్టుతోనూ జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ నడిచాయి. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాకగానీ అందరికీ అది కంటబడలేదు. ఏ ప్లగినూ అక్కర్లేదు, అదివరకే అందరి బ్రౌజర్లలో ఉంది. ఉచితంగా ఇంట్లోనే ఉన్నదాన్ని ఎవరు పోలుస్తారు చెప్పండి. గౌరవం తక్కువ.

సరే, మన సమావేశానికి వద్దాం. నక్కలగుట్టలో మూడో అంతస్తు, ఏసీ ఉంది, కరెంటు ఉన్నప్పుడు పనిచేస్తుంది.

ఆంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్కు కోరే వర్గం సంఖ్యలో చిన్నది, వయసులో పెద్దది. పెద్ద కంపెనీల్లో బ్యాంకు ప్రాజెక్టులు చేసి, మడికొండకు ఐటీ పార్కు వచ్చాక సొంతూరు మీద ప్రేమ పుట్టి తిరిగొచ్చినవాళ్లు. వీళ్ల వాదన సూటిగా ఉంటుంది: అన్నీ అందులోనే ఉంటాయి, ఇది ఎక్కడ దొరుకుతుంది, అది ఎక్కడ దొరుకుతుంది అని వెతుక్కునే పని లేదు, నలభైమంది రాసినా కోడు ఒక్కరు రాసినట్టే ఉంటుంది. ఈ ప్రాజెక్టు రాసేది ముగ్గురే కదా అన్నది అప్రస్తుత ప్రశ్న. 2010లో గూగుల్ నుంచి వచ్చిన ఆంగ్యులర్‌జేఎస్ మీద జీవితాలు కట్టుకున్నవాళ్లకు, 2016లో ఆంగ్యులర్ 2 వచ్చి ‘నాకూ దానికీ చుట్టరికం లేదు’ అన్నప్పుడు కలిగిన వైరాగ్యం వీళ్ల ముఖాల్లో ఇంకా ఉంది. ఆ తర్వాత 3 లేకుండా నేరుగా 4 వచ్చింది. లోపల పేజీల మధ్య దారి చూపే రౌటరు ప్యాకేజీ అప్పటికే 3లో ఉండటంతో, అంకెలన్నీ కలవాలని ఒక మెట్టు ఎగిరారు. జాతకంలో దోషం ఉంటే అంకె దాటెయ్యడం మన దగ్గరా ఉన్నదే కాబట్టి ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

రియాక్ట్ వర్గానిదే మెజారిటీ. కారణం అడిగితే వర్చువల్ డామ్ గురించి చెబుతారు. పేజీ నిర్మాణానికి మెమరీలో ఒక నకలు ఉంచుకుని, ఏదైనా మారినప్పుడు కొత్త నకలు తీసి, పాతదానితో సరిచూసి, తేడా వచ్చిన చోటే అసలు పేజీని ముట్టుకోవడం. తెలివైన పద్ధతే. వేలాది వ్యాఖ్యలు క్షణక్షణం మారే ఫేస్‌బుక్‌లో పుట్టిందాయె. మన స్క్రీన్లో మారేవి ఆరు గడులు. వాటిని నింపేవాడు ఒక్కడే గుమాస్తా. అయినా నకలు ఉండాల్సిందే, లేకపోతే ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఏం చెబుతారు?

2013లో రియాక్ట్ బయటికి వచ్చినప్పుడు జావాస్క్రిప్టులో పేజీ రూపం రాసే హెచ్‌టీఎంఎల్ లాంటిదాన్ని కలిపి రాయడం చూసి చాలామంది మూతి విరిచారు. ఇప్పుడు అలా రాయనివాణ్ని చూసి విరుస్తున్నారు. కోడును క్లాసులుగా రాయడం నేర్చుకున్నాక 2019లో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చింది. హుక్స్ నేర్చుకుంటుండగా, కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి అందరూ వాడే క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో ఇక వద్దన్నారు. రియాక్ట్‌కు ఒక గొప్ప సుగుణముంది: అది ఫ్రేమ్‌వర్కు కాదు, లైబ్రరీ మాత్రమేనని దాని భక్తులే చెబుతారు. అంటే రియాక్ట్ ఖాయమయ్యాక రౌటర్ మీద ఒక సమావేశం, స్టేట్, అంటే స్క్రీను మీది తాజా లెక్క, ఎక్కడ దాచాలనే దాని మీద ఒకటి, ఫారాల మీద ఒకటి, రంగుల మీద ఒకటి. చాయ్ బిల్లు ఒక్కటే స్థిరంగా పెరుగుతుంది.

వ్యూ అనే ఫ్రేమ్‌వర్కు కావాలన్న పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు. కాజీపేట నుంచి వస్తాడు. గూగుల్‌లో పనిచేసి బయటికి వచ్చిన ఇవాన్ యూ చేశాడు, నేర్చుకోవడం తేలిక, డాక్యుమెంట్లు చక్కగా ఉంటాయి అన్నాడు. అందరూ తలూపి ముందుకు సాగారు. స్వెల్ట్ అనే మరో ఫ్రేమ్‌వర్కు పేరెత్తిన ఇంకొకడు, అది ముందే బ్రౌజరుకు అర్థమయ్యే కోడుగా కంపైల్ అయిపోతుంది, బ్రౌజరు మీద బరువు వెయ్యదు అన్నాడు. బరువు లేకపోతే క్లయింటు నమ్మడని అతనికి నచ్చజెప్పారు.

అప్పుడు లేచాడు అసలు మేధావి. అన్నీ బ్రౌజర్లోనే కట్టడం పాత మాట, సర్వరు నుంచే తయారైన హెచ్‌టీఎంఎల్ పంపాలి, ప్రపంచం అటే పోతోంది అన్నాడు. గదిలో గగుర్పాటు. వెనక బెంచీలో ఒకాయన, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, “ఔ బిడ్డా, పీహెచ్‌పీ 1995ల గదే చేసేది గద” అన్నాడు. ఆయన్ని మర్యాదగా కింద చాయ్ కొట్టు దాకా దిగబెట్టి వచ్చారు.

ఇంతకీ ఏ ఫ్రేమ్‌వర్కు ఎంచుకున్నా వెనక ఎవరెవరో రాసి పెట్టిన వేలకొద్దీ చిన్న కోడు ప్యాకేజీలు దిగుతాయి. 2016 మార్చిలో అందులో ఒకదాన్ని, మాట ముందు ఖాళీలు చేర్చే పదకొండు వరసల లెఫ్ట్‌ప్యాడ్‌ను, రాసినాయన కోపమొచ్చి తీసేస్తే ప్రపంచమంతా ప్రోగ్రాములు కట్టే బిల్డులు ఆగిపోయాయి. దీన్ని బలహీనత అంటారు కొందరు. నేను వసుధైక కుటుంబం అంటాను.

ఈలోగా గుమాస్తాను ఒకసారి పిలిపించారు, ‘యూజర్ రీసెర్చ్’ కోసం. అతను పదో తరగతి దాకా చదివాడు, లెక్క మాత్రం తేజ రకానికీ చపాట రకానికీ ధర తేడా నోటితోనే చెప్పేస్తాడు. తెరమీద మెల్లగా జారి వచ్చే కార్డులు, నీడలు, గుండ్రటి మూలలు అన్నీ చూపించారు. అతను చేతులు కట్టుకుని చూశాడు.

“మంచిగున్నది తమ్మీ. ఎంటర్ కొడితే పక్క డబ్బాలకు పోతదా?”

గదిలో నిశ్శబ్దం. బ్రౌజర్లో ఎంటర్ కొడితే సాధారణంగా ఫారమే వెళ్లిపోతుంది. పక్క గడిలోకి పోవాలంటే ట్యాబ్ కొట్టాలి. మేనల్లుడి పాత పేజీలో ఆ ఏర్పాటు ఉందట.

“ట్యాబ్ కొట్టు కాకా.”

“ఎడమ చేతిల తూకం చీటి ఉంటది, బిడ్డా. కుడిచెయ్యి అంకెల కాడ్నే ఉంటది. ట్యాబేమో గా మూలకున్నది.”

జెండా పాటంటే యార్డులో ధర తేల్చే వేలం. దాన్ని తలుచుకుని మళ్లీ అడిగాడు: “జెండా పాట అయినంక బస్తాలన్ని ఒక్కపారే మీద పడ్తయి. నెట్టు పోతే?”

నెట్ పోతే ఒక అందమైన బొమ్మ వస్తుందని, అందులో డైనోసార్ ఉంటుందని ఎవరో చెప్పారు. అతను లేచి, “మరి ప్రింటు?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. సీజన్లో అతనికి కాలక్షేపం చేసే తీరిక లేదు. యూజర్లు సహకరించరనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మన రంగంలో ఉన్న అసలు లోపం ఇదే: ఫ్రేమ్‌వర్కులు ఇంత వేగంగా మారుతున్నా, వాడేవాళ్లు మాత్రం అవే చేతులు, అవే వేళ్లు పెట్టుకుని వస్తున్నారు.

పైగా ముఖమొక్కటే బాగుంటే చాలదా అన్న ప్రశ్నకు మన ఊరే జవాబు. ఖిలా వరంగల్‌లో నాలుగు కీర్తి తోరణాలు ఠీవిగా నిలబడి ఉన్నాయి. నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం శిథిలాలుగా మిగిలింది. ఫ్రంటెండ్ ఒక్కటే బతికిన కట్టడం. రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది ఏది? తోరణమే. వెనక డేటాబేస్ ఉందా లేదా అని ఎవరైనా అడిగారా?

పెళ్లిళ్ల విషయంలోనూ అంతే. “అబ్బాయి ఏం చేస్తడు?” అంటే “రియాక్ట్ చేస్తడు” అని చెప్పుకోవచ్చు. “ఎనుమాములల తక్‌పట్టీ కొట్టే పేజీ చేసిండు, పదేండ్లాయె, మంచిగ నడుస్తది” అంటే పిల్లనిస్తారా? ఆ మేనల్లుడికి కరీంనగర్ సంబంధం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. పొలమేమైనా ఉండి ఉంటుంది.

చివరికి మార్చి వచ్చింది. మార్కెట్ యార్డు ఎర్రబడింది, గాలికి తుమ్ములు మొదలయ్యాయి, అడ్తి ముందు బండ్లు వరసకట్టాయి. సమావేశం రెండు వర్గాల మధ్య రాజీ కుదిర్చి, స్క్రీనును ఆంగ్యులర్‌లో ఒకటి, రియాక్ట్‌లో ఒకటి కట్టి, పోల్చి చూసి, మూడోదాన్ని ఎంచుకోవాలని తీర్మానించింది. గుమాస్తా పాత పేజీలో ఎంటర్ కొడుతూ కూర్చున్నాడు.

ఇక్కడ తప్పు మిర్చిదేనని నా నిశ్చితాభిప్రాయం. ఆంగ్యులర్ పెద్ద వెర్షన్లు ఆరు నెలలకోసారి వస్తాయి, ఈ మధ్య ఎక్కువగా మే, నవంబరు నెలల్లో. పంటేమో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు మీద పడుతోంది. అంటే నవంబరు వెర్షన్ ఇంకా కుదురుకోకముందే బస్తాలు వచ్చేస్తున్నాయి, మే వెర్షన్ వచ్చేసరికి బస్తాలు ఉండటం లేదు. కనుక మార్కెట్ కమిటీ, వ్యవసాయ శాఖ వెంటనే కూర్చుని మిర్చి కోతలను జూలైకి జరపాలి. వానలో కాయ నానుతుందనే అభ్యంతరం రావచ్చు. ఆరబెట్టే పని తర్వాతి స్ప్రింటులో, అంటే తర్వాతి పని విడతలో చూసుకోవచ్చు. కార్తెలు చూసి నారు పోసే రైతులు ఈ ఏటి నుంచి రిలీజ్ నోట్సు చూసి పొయ్యాలి. రియాక్ట్ వర్గం మాత్రం దీనికి ఒప్పుకోవడం లేదు. తమ దాంట్లో వెర్షన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, రైతు పన్నెండు నెలలూ నారు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉండాలంటున్నారు. దీని మీద వచ్చే శనివారం ప్రత్యేక సమావేశం ఉంది.