సవరణ: ‘పై’ శాలువా కుట్ల లెక్క

అల్లికల డిజైనర్ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ జ్ఞాపకార్థం అందరం కలిసి ఆమె గుండ్రటి ‘పై’ (లెక్కల్లోని π) శాలువా అల్లుదామని పెట్టిన పోస్టులో “ప్రతి వరుసలో కాసిని కుట్లు పెంచుతూ పోవాలి” అని ఉంది. ఆ వాక్యం కొట్టేయండి. ఆవిడ డిజైన్ గొప్పదనమంతా అలా పెంచక్కర్లేకపోవడంలోనే ఉంది.

9 కుట్లతో మొదలు. ఒక వరుస అల్లి రెట్టింపు చేస్తే 18. మూడు వరుసలు మామూలుగా అల్లి మళ్ళీ రెట్టింపు, 36. ఆపైన 6 వరుసలయ్యాక 72, 12 అయ్యాక 144, 24 అయ్యాక 288, 48 అయ్యాక 576. వ్యాసార్థం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపవుతుంది కదా, అదే సూత్రం. పెంచే వరుసలో ఒక్కో కుట్టు అల్లగానే సూది మీద ఊలు ఒక చుట్టు వేస్తే చాలు. సన్నటి చిల్లుల వలయం పడుతుంది. మధ్యలో లెక్క టెన్షన్ లేదు, టీవీ చూస్తూ అల్లేయొచ్చు.

ఇంకోటి. ఆవిడ అమెరికాలో పుట్టారని రాశాం. పుట్టింది 1910లో, ఇంగ్లండ్‌లో. స్థిరపడింది అమెరికాలోని విస్కాన్సిన్‌లో, 1999లో పోయిందీ అక్కడే.

ఇప్పటికే పాత లెక్కతో మొదలుపెట్టినవాళ్ళు 18 కుట్ల దాకా విప్పుకుంటే సరిపోతుంది. మొదటినుంచీ విప్పక్కర్లేదు.