తోకచక్ర పరిరక్షణకై ఒక విజ్ఞప్తి

మానవజాతి పతనం ఎప్పుడు మొదలైందన్నది పండితులు ఇంకా తేల్చుకోలేకపోతున్నారు. టీవీ వచ్చినప్పుడని కొందరు, సెల్‌ఫోన్ వచ్చినప్పుడని కొందరు. ఇద్దరిదీ పొరపాటే. 1951లో అమెరికాలో పైపర్ కంపెనీ తన చిన్న విమానానికి తోక కింద ఉండే మూడో చక్రాన్ని పీకేసి, ముక్కు కింద బిగించి, ట్రై-పేసర్ అని పేరు పెట్టి అమ్మింది. 1956లో సెస్నా కూడా ఆ పాపంలో పాలు పంచుకుని 172 అనే విమానాన్ని జనం మీదకి వదిలింది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం మరొకటి లేదు. నేల మీద అది చెప్పినట్టు నేరుగా పోతుంది. కూర్చుంటే ముందు ఏముందో కనిపిస్తుంది. దిగేటప్పుడు పైలట్ కాస్త వంకరగా దించినా తనే సర్దుకుంటుంది. ఇంతకంటే ఘోరం ఏముంటుంది?

పాత పద్ధతి విమానం అలా కాదు. పెద్ద చక్రాలు రెండూ ముందుంటాయి, బుల్లి చక్రం తోక కింద. బరువు ఆ పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. అంచేత పరుగులో అది కాస్త పక్కకి తిరిగిందంటే వెనకున్న బరువు ఆ తిరుగుడుని ఆపకపోగా ఇంకా తోస్తుంది. లోడు ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌ని రివర్స్ చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, చెయ్యనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. అలా తిరిగి తిరిగి తోక ముందుకొచ్చేయడాన్ని గ్రౌండ్‌లూప్ అంటారు. అదృష్టం బాగుంటే గడ్డి మీద ఒక వంపు గీత మిగులుతుంది. బాగోలేకపోతే రెక్క చివర నేలకి రాసుకుని, చక్రం కాలు విరిగి, ఇన్సూరెన్స్ కంపెనీతో దీర్ఘకాల పరిచయం ఏర్పడుతుంది.

ఇంతటి సదవకాశాన్ని మన తెలుగువాళ్ళు పట్టించుకోకపోవడమే నా బాధ. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు తక్కువేం లేరు. వారమంతా మనిషికి పని తగ్గించే సాఫ్ట్‌వేర్ రాస్తారు. స్టీరింగ్ తనే తిప్పుకునే కారులో ఆఫీసుకి పోతారు. ఇల్లు ఊడ్చడానికి నేల మీద పాకే యంత్రం కొంటారు. ఇన్ని సమకూరాక శనివారం పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచదు. ఇంట్లో కష్టమన్నదే మిగల్లేదు, ఇక బయట కొనుక్కోవాల్సిందే. దానికి నాకు తెలిసినంతలో పైపర్ జే-3 కబ్ అనే తోకచక్రం విమానానికి మించిన సరుకు లేదు.

పసుపు రంగు విమానం. రెక్కలకీ ఒంటికీ గుడ్డ తొడుగు. 65 హార్స్‌పవర్ ఇంజన్. 1947లో తయారీ ఆపేసేనాటికి ఇంచుమించు 20,000 తయారయ్యాయి. బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు. ఒకాయన బయట నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే స్టార్ట్ అవుతుంది. పెట్రోలు ఎంతుందో చెప్పే మీటర్ అద్దానికి అవతల, ట్యాంకు మూతలోంచి నిలబడి ఉంటుంది. అదొక తీగ. దాని కింది కొస ట్యాంకులో తేలే బెండుకి గుచ్చి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. పూర్తిగా దిగిపోతే మనమూ దిగిపోవాలి. దీనికి అప్‌డేట్లు రావు, ఇది పాస్‌వర్డ్ అడగదు. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజున కింద హైవే మీద ట్రక్కులు మనల్ని దాటుకుని పోతాయి. ఆ డ్రైవర్లు జాలిగా చూస్తారా అన్నది అంత ఎత్తునుంచి తెలియదు, అదొక్కటే ఊరట.

ఒంటరిగా నడిపేవాడు వెనక సీట్లోనే కూర్చోవాలి, లేకపోతే బరువు కుదరదు. కాబట్టి నేర్చుకునేవాడి సీటు మొదటినుంచీ వెనకే. ముందు సీట్లో ఇన్‌స్ట్రక్టర్. విమానం ముక్కు ఎలాగూ ఆకాశాన్ని చూస్తుంటుంది, మిగిలిన కాస్త సందునీ ఆయన వీపు మూసేస్తుంది. చొక్కా మీద చెమట మరక మెడ దగ్గర మొదలై ఎంతవరకు దిగిందో చూసి పాఠం ఎలా సాగుతోందో అంచనా వేసుకోవచ్చు. ముందు కనపడదు గనక రన్‌వే దాకా పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి కుడి కిటికీలోంచి, ఒకసారి ఎడమ కిటికీలోంచి దారి చూసుకుంటూ పోవాలి.

ఈ విషయం ఫోన్లో మా నాన్నగారికి వివరించాను.

"ముందు కనపడకుండా ఎట్టా నడుపుతావురా?"

"పక్కలు చూసుకుంటూ నాన్నా."

"దానికి వాళ్ళు నీకు డబ్బులిస్తారా?"

"నేనే ఇవ్వాలి."

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ చక్రమేదో ముందు పెట్టించుకోవచ్చుగా, అక్కడ మెకానిక్కులు లేరా?" అన్నారు. పెద్దాయన, ఎదురు చెప్పలేదు.

ఇక ఇన్‌స్ట్రక్టర్ బోధన అంతా రెండు మాటల్లో ఉంటుంది: రైట్ రడ్డర్. రడ్డర్ అంటే విమానం ముక్కుని పక్కకి తిప్పే తోక పలక, దాన్ని కాళ్ళతో నడపాలి. థ్రాటిల్ తెరిచి ఇంజన్ జోరు పెంచగానే విమానం ఎడమకి లాగుతుంది, తోక లేచేటప్పుడు ఇంకాస్త లాగుతుంది. కుడికాలు నొక్కాలి. నొక్కితే ఎక్కువైందంటారు. తీస్తే ఆలస్యమైందంటారు. బ్రేకులు మడమల కింద ఉంటాయి, వాటి జోలికి పోవద్దంటారు. కారు తనే బ్రేకు వేసుకునే రోజుల్లో సోఫా మీద చాపుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయిన మన కాళ్ళకి ఒక్కసారిగా ఇంత ప్రాముఖ్యం రావడం చూస్తే టెన్షన్‌లోనూ కళ్ళు చెమర్చుతాయి.

ప్రభుత్వం కూడా ఈ విద్య విలువ గుర్తించింది. 1991 ఏప్రిల్ 15కి ముందే ఇలాంటి విమానాన్ని కెప్టెన్‌గా నడిపి లాగ్‌బుక్‌లో రాసుకున్నవాళ్ళకి అమెరికా నిబంధనలు ఏమీ అడగవు. ఆ తర్వాతివాళ్ళు మాత్రం ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకుని సంతకం పెట్టించుకోవాలి. ఎన్ని గంటలు నేర్చుకోవాలో నిబంధనలో లేదు. ఎన్ని గంటలో ఇన్సూరెన్స్ వాళ్ళు చెబుతారు, వినకపోతే ప్రీమియంలో చెబుతారు. పక్కగాలిలో దిగడం కూడా రావాలన్నారు. టెక్సాస్‌లో గాలికి కొదవ లేదు. కానీ గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజు పాఠం రద్దు, లేకపోతే పక్కగాలి పాఠం రద్దు.

బయటివాళ్ళకి మేమంతా ఒకటే వర్గంలా కనిపిస్తాం గానీ మాలో శాఖలున్నాయి. మూడు చక్రాలూ ఒకేసారి నేలకి ఆనాలని ఒక శాఖ. ముందు రెండే ఆనాలి, తోక ఆ తర్వాత మెల్లగా దిగాలని ఇంకో శాఖ. ఏది ఎప్పుడు మంచిదన్నది గాలినీ విమానాన్నీ బట్టి ఉంటుందని తెలిసినవాళ్ళు చెబుతారు. వాళ్ళ మాట ఎవరూ వినరు. కాఫీ దగ్గర ఈ చర్చ మొదలైతే ఆ రోజుకి ఎవరూ ఎగరరు.

ఇదంతా అమెరికా పైత్యం అని కొట్టిపారేసేవాళ్ళకి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలోనే వైమానిక దళం కుర్రాళ్ళు టైగర్ మాత్ అనే శిక్షణ విమానాల మీద నేర్చుకున్నారు. వాటి తోకకి చక్రం కూడా ఉండేది కాదు, నేలని గీరుకుంటూ పోయే ఒక స్కిడ్ ఉండేది. బ్రేకులు అసలే లేవు. 1951లో ఎగిరిన హెచ్‌టీ-2, ఆ తర్వాత మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరానికి రెక్కలిచ్చిన పుష్పక్, రెండూ బెంగళూరు హెచ్ఏఎల్‌వే, రెండూ తోకచక్రంవే. అంత వారసత్వం పెట్టుకుని మనవాళ్ళు శనివారాలు కాస్ట్‌కోలో బండి తోసుకుంటూ గడిపేస్తున్నారు!

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ప్రతి తెలుగు సంఘం మహాసభల్లోనూ వధూవరుల పరిచయ వేదిక పక్కన ఒక కబ్ నిలపాలి. గ్రీన్‌కార్డు లైన్లో ఎదురుచూసేవాళ్ళకి ఫీజు రాయితీ ఇవ్వాలి, ముందేముందో కనపడకపోయినా మెలికలు తిరుగుతూ పోవడం వాళ్ళకి ముందే అలవాటు. ఇక ముక్కుచక్రంతో తిరిగేవాళ్ళని పైలట్లు అనకూడదు, డ్రైవర్లు అనాలని మావాళ్ళలో కొందరు పట్టుబడుతున్నారు. నేను అంత కటువుగా మాట్లాడే మనిషిని కాదు. ప్రయాణికులు అంటే చాలు.