రెండో కార్డు షో కోసం కాదురా అబ్బాయ్

ఇందాకే జరిగింది, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. పాత కంప్యూటర్ క్యాబినెట్ బయటికి తీసి దుమ్ము దులుపుతుంటే మా మేనల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. సైడ్ ప్యానెల్ ఊడదీశాను. ఒకదాని కింద ఒకటి, గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు రెండు, రెండింటినీ కలుపుతూ వేలెడంత బ్రిడ్జ్. వాడు చూసి పకపకా నవ్వి, "ఏంటి మావయ్యా, రెండో కార్డు షో కోసమా?" అన్నాడు.

షో కోసమట! ఇప్పటి గేమింగ్ కార్డులకు అలా జోడీ కట్టే వీలే తీసేశారు, ఇక వాడికేం తెలుస్తుంది.

ఆ రెండో కార్డు కోసం ఏడాదిన్నర డబ్బు దాచుకున్నాను. మొదటిది కొన్నప్పుడే రెండు స్లాట్లున్న మదర్‌బోర్డు వెతికి పట్టుకుని, ఎప్పటికైనా జోడీ పెడతానని పవర్ సప్లై కూడా పెద్దదే తీసుకున్నాను. పెట్టిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. కార్డుల పైఅంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటి మీద బ్రిడ్జ్ ఉంచి రెండు బొటనవేళ్లతో నొక్కితే ఓ పక్క దిగేది, ఇంకో పక్క లేచేది. మూడోసారికి కూర్చుంది. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్‌లో ఆన్ చేసి గేమ్ తెరిస్తే, అంతవరకూ సెకనుకు నలభై దాటని ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, డెబ్బై దాటాయి. అదే మానిటర్, అదే గేమ్. ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు.

మనలో చాలామంది డబ్బు ఎక్కువై రెండు కార్డులు పెట్టుకోలేదు. పెద్ద కార్డు ఒకేసారి కొనే తాహతు లేక, ముందు ఒకటి కొనుక్కుని, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు దానికి జత తెచ్చుకున్నాం. ఈలోపు కొత్త మోడల్ వచ్చి పాతది చవకయ్యేది, వాడినదైనా దొరికేది. మామూలు మనిషి ఎక్కడానికి వేసిన మెట్లు అవి.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కూడా కాదు. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ వాళ్ల వూడూ2 కార్డులు రెండు పెడితే తెర మీది సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఇంకొకటి గీసేవి. దాన్ని ఎస్‌ఎల్‌ఐ అనేవాళ్లు. ఒంటి కార్డు 800x600 చుక్కల బొమ్మ దగ్గర ఆగిపోతే జంట 1024x768 అందుకునేది. ఆ కంపెనీ ఆస్తులు ఇంకో కార్డుల కంపెనీ ఎన్విడియా చేతికి వెళ్లాక, 2004లో ఎస్‌ఎల్‌ఐ అన్న పేరే మళ్లీ బయటికొచ్చింది. మరుసటి ఏడు దాని పోటీ కంపెనీ ఏటీఐ అదే పనికి క్రాస్‌ఫైర్ తెచ్చింది.

లోపాలు లేవని నేననను. నాకంటే ఎక్కువ ఎవరు పడ్డారు? ఒక ఫ్రేము ఈ కార్డు, తర్వాతిది ఆ కార్డు గీస్తే మధ్య ఎడం సమంగా ఉండేది కాదు. మీటర్ సెకనుకు 60 ఫ్రేములని చూపిస్తున్నా కంటికి కుదుపు తెలిసేది. 4 జీబీ మెమరీ ఉన్న కార్డులు రెండున్నా గేమ్‌కి దొరికేది 4 జీబీయే, ఉన్న సరుకంతా రెండింట్లోనూ పెట్టాలి కాబట్టి. పై కార్డు కింది కార్డు వేడి పీల్చి కుతకుతలాడేది. తర్వాత్తర్వాత గేములు గత ఫ్రేము సమాచారం తీసుకుని బొమ్మను నునుపు చేయడం మొదలుపెట్టాయి. ఆ గత ఫ్రేమేమో పక్క కార్డులో ఉండిపోయేది. అన్నీ నిజమే. కానీ రోగం వస్తే మందేస్తారా, మనిషిని పాతిపెడతారా? 2013లో, ఏటీఐని కొనేసిన ఏఎండీ ఫ్రేములను సమంగా వదిలే డ్రైవర్ ఇచ్చింది కదా, కుదుపు తగ్గింది కదా! గేములకీ కార్డులకీ మధ్య నడిచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక, యాషెస్ ఆఫ్ ది సింగులారిటీ అనే గేమ్‌లో ఏఎండీ కార్డూ ఎన్విడియా కార్డూ కలిసి ఒకే గేమ్‌ను నడిపాయి కదా! దారి ఉంది. కాకపోతే ఆ పనంతా గేమ్ తయారుచేసేవాళ్ల నెత్తిన పడేసి కార్డులమ్మేవాళ్లు చేతులు దులుపుకున్నారు.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది, ఎన్విడియా వాళ్లు ముందు కింది మెట్టే పీకారు. 2016లో మధ్యరకం కార్డు జీటీఎక్స్ 1060కి ఎస్‌ఎల్‌ఐ కనెక్టరే, అంటే బ్రిడ్జ్ కూర్చునే పళ్లే, లేదు. 2018లో ఆర్‌టీఎక్స్ 2070కి లేదు. 2020లో 30 సిరీస్ గేమింగ్ కార్డుల్లో అన్నిటికంటే ఖరీదైన 3090 ఒక్కదానికే మిగిలింది. 2021 జనవరి నుంచి పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్, అంటే ఒక్కో గేమ్ రెండు కార్డుల మీద నడవడానికి డ్రైవర్‌లో ఇచ్చే సెట్టింగులు, ఇవ్వబోమన్నారు. 2022లో 4090 వచ్చేసరికి అసలు కనెక్టరే మాయం. ఎవరికి అవసరమో వాళ్ల దగ్గర ముందు తీసేసి, చివరికి వాడేవాళ్లే లేరంటారు. కనెక్టర్ లేని కార్డును ఎలా కలుపుతాం, గోందు పెట్టి అంటించాలా?

అదే డేటా సెంటర్ల వాళ్లకైతే ఎన్‌వీలింక్ అనే తమ సొంత లంకెతో 72 గ్రాఫిక్స్ చిప్పులు ఒకే ర్యాకులో కలిపి ఇస్తున్నారు. మనకు రెండు కుదరవు.

కరెంటు అంటారా? 2014 నాటి జీటీఎక్స్ 980 ఒక్కోటి 165 వాట్లు. రెండు కలిపితే 330. ఇప్పటి 5090 ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. రెండు కార్డులు పెడితే కరెంటు దండగ, వేడి, చోటు చాలదు అని మనకు నీతులు చెప్పినవాళ్లే ఇప్పుడు మూడు నాలుగు స్లాట్ల మందమున్న ఇటుకను కళ్లకద్దుకుంటున్నారు.

అసలు నా కడుపుమంట ఇంకా పాతది. గేముల్లో వస్తువుల కదలికలు లెక్కగట్టే ఎన్విడియా సాఫ్ట్‌వేర్, ఫిజ్‌ఎక్స్ గుర్తుందా? పొగ, పగిలే గాజు, ఎగిరే గుడ్డ, ఈ లెక్కలన్నీ రెండో కార్డుకి అప్పజెప్పేవాళ్లం. 2009లో ఏం చేశారు? బొమ్మ గీసే కార్డు వేరే కంపెనీది అయితే, డబ్బు పెట్టి కొన్న ఎన్విడియా కార్డు పక్కనే ఉన్నా ఫిజ్‌ఎక్స్ పనిచేయకుండా డ్రైవర్‌లో తాళం వేశారు. కార్డు మనది, తాళంచెవి వాళ్లది. 2025లో 50 సిరీస్ వచ్చినప్పుడైతే పాత గేములు వాడే 32 బిట్ ఫిజ్‌ఎక్స్‌నే తీసేశారు. అప్పుడు జనం ఏం చేశారో తెలుసా? ఆ పాత గేములు ఆడుకోవడానికి పక్క స్లాట్‌లో ఓ పాత కార్డు పెట్టుకున్నారు. మా వాడు షో అన్నాడే, ఆ రెండో కార్డే!

పవర్ కేబుల్ దొరికింది. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి. రేపు వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి రెండు కార్డులతో ఓ పాత గేమ్ ఆడిస్తా. అరగంటయ్యాక బ్రిడ్జ్ పీకేసి, అదే లెవెల్ మళ్లీ మొదటి నుంచి ఆడమంటా.