సవరణ: స్టీల్ పిన్నులకు మాగ్నెట్ దండగ అన్నది తప్పు

టెక్సాస్‌లో రీలోడింగ్ (పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపి వాడటం) చేసే మనవాళ్ల కోసం మొన్న బ్రాస్ క్లీనింగ్, అంటే ఆ కేసుల్ని శుభ్రం చేసే సామాను గురించి రాస్తూ, కేసులతో పాటు నీళ్లలో వేసి తిప్పి మురికి వదిలించే స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి మాగ్నెట్ కొనడం దండగ, కేసుల నుంచి పిన్నుల్ని వేరు చేయడానికి చేత్తో తిప్పే బుట్ట సెపరేటర్ ఒక్కటి ఉంటే చాలు, దాన్ని పొడిగానే తిప్పండి అన్నాను. రెండూ తప్పే. వంటింట్లో స్టీలు గిన్నెకి మాగ్నెట్ అంటుకోదు కదా అన్న లెక్కతో రాసేశాను, పెట్టి చూడలేదు.

పిన్నులతో వచ్చిన కాగితం ఇప్పుడు చదివాను, షూటింగ్ రేంజ్‌లో ఏళ్లుగా రీలోడింగ్ చేస్తున్న ఒక పెద్దాయన కూడా చెప్పారు: తీగగా సాగదీసి చేస్తారు కాబట్టి ఆ స్టీలుకి కొంత అయస్కాంత గుణం వస్తుంది, ఇత్తడికి ఎలాగూ ఉండదు. నిన్న రాత్రి సింక్ అడుగున చెల్లాచెదురుగా పడ్డ పిన్నులన్నీ మాగ్నెట్ చుట్టూ ముళ్లపందిలా నిక్కబొడుచుకున్నాయి!

బుట్ట మంచిదే, కానీ తడి పిన్నులు కేసు లోపలి గోడకి అతుక్కుపోతాయి, అందుకని తొట్టిలో నీళ్లు పోసి బుట్ట సగం మునిగేలా తిప్పాలి. .223 (సన్న మెడ ఉండే ఒక రైఫిల్ తూటా సైజు) కేసుల మెడలో ఒక్కోసారి రెండు పిన్నులు జంటగా ఇరుక్కుంటాయి, ప్రతి కేసునీ వెలుతురుకి పట్టి చూడండి.

పిన్నుల బదులు వాల్‌నట్ పెంకుల పొడి, మొక్కజొన్న కండెల పొడి వాడేవాళ్లకి మాత్రం పొడిగా తిప్పడమే సరి, మాగ్నెట్‌తో పనే లేదు. కాకపోతే మూత పెట్టి, ఇంటి బయట తిప్పండి. ఆ దుమ్ములో ప్రైమర్ల (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్లలు) నుంచి వచ్చిన సీసం ఉంటుంది, అప్పుడు అది రాయకపోవడం కూడా నా పొరపాటే.