తిరుగు విమానం ఎక్కాక పంపు ఎవరి చేతిలో ఉంటుంది?

చేతిపంపు సిలిండర్‌లో అంటే నీళ్లలో మునిగి ఉండి పిస్టన్ ఆడే అడుగు గొట్టంలో, అరచేతిలో ఇమిడేంత వాషరు ఉంటుంది. అది అరిగితే నీళ్లు తగ్గుతాయి, ఇంకాస్త అరిగితే అసలు రావు. విదేశంలో ఏదో ఒక ఊరికి మంచినీళ్లు ఇవ్వాలని ఏడాదంతా విరాళాలు పోగుచేసి, సెలవులు పెట్టుకుని పది పన్నెండు మంది వెళ్లి వచ్చే చర్చి బృందం పరిచర్య చివరికి ఆ వాషరు దగ్గరే తేలుతుంది. అది అరిగిన రోజున కొత్తది ఎక్కడ దొరుకుతుంది? ఎవరు కొంటారు? ఎవరు విప్పి బిగిస్తారు? ఈ మూడింటికీ జవాబు రాసి పెట్టుకోకుండా టికెట్లు కొనకూడదన్నది మా గట్టి అభిప్రాయం. పోగైన డబ్బులో కనీసం మూడో వంతు, బృందం తిరిగొచ్చిన తర్వాతి మూడేళ్ల కోసం పక్కన పెట్టాలి.

ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. కానీ సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల చేతిపంపులపై 2009లో గ్రామీణ నీటి సరఫరా నిపుణుల బృందం వేసిన లెక్కలో మూడింట ఒకటికి పైగా పనిచేయడం లేదని తేలింది. బాగు చేసే మనిషి లేకపోవడం, విడిభాగం దొరక్కపోవడం ఇలా ఆగిపోవడానికి ముఖ్య కారణాల్లో ఉన్నాయి.

భారతదేశ అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1960ల చివర, 70ల మొదట్లో కరవు ప్రాంతాల్లో వేసిన బోర్లకు పోత ఇనుప పంపులు బిగించారు. అవి ఒక రైతు కుటుంబం వాడకానికి తయారైనవి. ఊరంతా పొద్దుటి నుంచి రాత్రి దాకా కొడితే తట్టుకోలేకపోయాయి. మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్‌లలో క్రైస్తవ మిషన్ సంస్థలతో కలిసి బోరు పని చేస్తున్నవాళ్లు ఉక్కుతో గట్టి పంపులు తయారుచేశారు. షోలాపూర్ పంపును ఆధారం చేసుకుని యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి 1970లలో ఇండియా మార్క్ 2ను రూపొందించాయి. దాని నమూనా మీద ఎవరికీ పేటెంటు లేదు, ఏ కర్మాగారమైనా చేసుకోవచ్చు. ఆ కాలపు మిషన్ సేవలో ఈనాటికీ నీళ్లిస్తున్నది ఈ పంపే. దాన్ని ఇచ్చినవాళ్లు అక్కడే ఉండి, విరిగిన ముక్కలను చేతిలోకి తీసుకుని ఎందుకు విరిగాయో చూశారు.

ఇప్పుడు ఏ పంపు ఎంచుకోవాలి? దాతకు నచ్చినది కాదు, ఆ దేశ ప్రభుత్వం ప్రామాణికంగా ఒప్పుకున్నది, ఆ జిల్లా బజారులో విడిభాగాలు దొరికేది. మార్క్ 2లో నీళ్లను పైకి తెచ్చే రైజర్ పైపు సన్నం, సిలిండర్ వెడల్పు. కాబట్టి వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. 30 మీటర్ల లోతుకు 3 మీటర్ల ఇనుప పైపులు పది, వాటి నిండా నీళ్లు. క్లాంపులు, పెద్ద పానాలు, నలుగురైదుగురు బలమైన మనుషులు లేకుండా అది కదలదు. దాని తర్వాత వచ్చిన మార్క్ 3లో రైజర్ పైపు 65 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పైపు కదల్చకుండా రాడ్లతో పాటు పిస్టన్ ఒక్కటే బయటికొస్తుంది. ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఆఫ్రిడెవ్‌కు ప్లాస్టిక్ పైపులు. ఒక్క స్పానరుతో ఊరివాళ్లే విప్పుకోగలరు, కానీ నీటి మట్టం 45 మీటర్ల కంటే లోతుంటే అది పనికిరాదు. ఇవన్నీ పక్కన పెట్టి, బృందంలో ఒకరికి తెలిసిన కంపెనీ ఉందని కొత్త రకం పంపు మోసుకెళ్లడం పెద్ద పొరపాటు. ఆ జిల్లాలో దానికి వాషరు ఎన్నటికీ దొరకదు.

నీటి గుణం చూడకుండా ఇనుప పైపులు దించడం ఇంకో పొరపాటు. పీహెచ్ (నీటి ఆమ్ల గుణాన్ని చెప్పే కొలత) 6.5 కంటే తక్కువగా ఉన్న నీళ్లు జింకు పూత ఉన్న పైపునైనా తినేస్తాయి. కొన్ని నెలలకే నీళ్లు ఎర్రబడతాయి, నోటికి తుప్పు రుచి తగులుతుంది, తెల్లబట్టలు మరకలు పడతాయి. పంపు బాగానే ఉంటుంది, ఊరు మాత్రం పాత చెరువుకే వెళ్లిపోతుంది. అలాంటి చోట ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పైపులే వేయాలి.

పంపు ప్రారంభించే ముందే నీటిలో ఆర్సెనిక్ అనే విషం, ఫ్లోరైడ్ ఎంత ఉన్నాయో పరీక్షలు చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఆర్సెనిక్‌కు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఫ్లోరైడ్‌కు 1.5 మిల్లీగ్రాములు. బంగ్లాదేశ్‌లో మురికి చెరువుల నీటితో వచ్చే విరేచనాల నుంచి జనాన్ని కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే లక్షల గొట్టపు బావులు వేశారు. ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందని 1993లో గానీ బయటపడలేదు. చూస్తే నీళ్లు తేటగా ఉంటాయి, వాసన ఉండదు, రుచి మారదు. పరీక్ష చేయకుండా రిబ్బను కత్తిరించే హక్కు ఎవరికీ లేదు.

బోరు వేసే కాలం కూడా ముఖ్యమే. బృందం సెలవులను బట్టి వానలప్పుడు వేస్తే నీళ్లు పైనే పడతాయి, అందరూ సంతోషిస్తారు, ఎండలకు మట్టం దిగిపోయి పంపు గాలి కొడుతుంది. ఎండాకాలం చివర్లో వేయాలి. మరుగుదొడ్లకు కనీసం 30 మీటర్ల దూరంలో, వాటికంటే ఎగువన ఉండాలి. బోరులో దించే గొట్టమైన కేసింగ్ చుట్టూ పైభాగంలో కనీసం 3 మీటర్ల లోతు సిమెంటు పోయాలి, లేకుంటే పంపు గచ్చు మీద పడ్డ మురికి నీరే కేసింగ్ పక్కనుంచి మళ్లీ బోరులోకి దిగుతుంది. వేసినవాళ్లు వెళ్లిపోయాక ఈ తప్పును దిద్దడం దాదాపు అసాధ్యం.

ఆఖరి పని క్లోరిన్‌తో శుద్ధి. ఎక్కువ బృందాలు తొందరలో చేసేది ఇదే. 125 మిల్లీమీటర్ల బోరులో మీటరుకు సుమారు 12 లీటర్ల నీళ్లుంటాయి. బోరులో 30 మీటర్ల ఎత్తున నీళ్లుంటే 370 లీటర్లు అనుకుందాం. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 18 గ్రాములకు పైగా క్లోరిన్ కావాలి, అంటే 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 60 గ్రాములు. మూత తీసి చాలా రోజులైన పౌడర్‌కు ఆ బలం ఉండదు, కొత్త డబ్బా తీసుకోవాలి. బకెట్‌లో కలిపి, మడ్డి అడుక్కు దిగాక పైతేట మాత్రం బోరులో పోయాలి. క్లోరిన్ వాసన వచ్చేదాకా పంపు కొట్టి, 12 గంటలు కదపకుండా వదిలేయాలి. మర్నాడు వాసన పోయేదాకా నీళ్లు తోడి, చెరువులోకీ పంటల్లోకీ పోకుండా దూరంగా వదలాలి. సూక్ష్మజీవుల పరీక్షకు నీళ్లు పట్టేది ఆ తర్వాతే. క్లోరిన్ ఇంకా ఉండగా పడితే పరీక్షలో ఏమీ కనిపించదు, లేని ధైర్యం వస్తుంది.

ఇదంతా ఎవరి చేతులతో జరగాలి అన్నదే అసలు ప్రశ్న. దూరం నుంచి వచ్చినవాళ్లకు పని చేయాలన్న ఆరాటం ఉండడం సహజం. కానీ పంపు బిగించడం బృందం చేస్తే ఊరివాళ్లు చూస్తూ నిలబడతారు, చూసిన పని చేతికి రాదు. ఊరు ఎంచుకున్న ఇద్దరు ముగ్గురు, వాళ్లలో ఆడవాళ్లు తప్పకుండా ఉండేలా, కనీసం రెండుసార్లు పంపు పూర్తిగా విప్పి తిరిగి బిగించాలి. బృందం పక్కన నిలబడాలి, పానా ముట్టకూడదు. రెండు జతల వాషర్లు, ఓరింగులు (రబ్బరు వలయాలు), బేరింగులు ఒక పెట్టెలో పెట్టి, తాళం ఊరి నీటి కమిటీకి ఇవ్వాలి. నెల నెలా ఇంటికింత అని వాళ్లే వసూలు చేసుకోవాలి. మొదటి మరమ్మతుకే ఊరివాళ్లు ఫోన్ చేస్తే చర్చి డబ్బు పంపేస్తుంది, ఆ రోజుతో ఊరి నిధి వసూలు ఆగిపోతుంది. పక్కన పెట్టమన్న మూడో వంతు వాషర్ల కోసం కాదు. ఊరి శక్తికి మించిన పెద్ద మరమ్మతులకు, శిక్షణకు, మళ్లీ వెళ్లి చూసి రావడానికి.

1998లో మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో ఇళ్లు కట్టడంపై 2006లో వెలువడ్డ ఒక అధ్యయనం ఉంది. సుమారు 2,000 డాలర్ల ఇల్లు కట్టడానికి ఒక విదేశీ బృందం ప్రయాణంతో సహా 30,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టింది. స్థానికులు కట్టిన ఇళ్లలో ఉన్న కుటుంబాలకూ, బృందాలు కట్టిన ఇళ్లలో ఉన్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెళ్లడం మానేయమని దీని అర్థం కాదు. పన్నెండు మందికి బదులు నలుగురు వెళ్లి, మిగతా టికెట్ల డబ్బును ఊరి మేస్త్రీకి కూలీగా ఇస్తే మంచిదని మా మాట.

వైద్య శిబిరాలదీ ఇదే తీరు. వెళ్లే డాక్టర్లకు ఆ దేశ ప్రభుత్వ అనుమతి ఉండాలి. విరాళంగా పట్టుకెళ్లే మందులకు అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ మాత్రలు నెల రోజులకు ఇచ్చి వచ్చేస్తే, రెండో నెల ఆ మనిషి పరిస్థితి ఏమిటి? పక్క ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరికే మందే రాయాలి, రోగి చీటీ ఆ కేంద్రానికే అప్పగించాలి. పిల్లలకు నులిపురుగుల మందు ఇచ్చే ముందు, ఈ ఏడాది ప్రభుత్వం ఇప్పటికే ఇచ్చిందేమో కనుక్కోవాలి. ఆల్బెండజోల్ రెండేళ్లు దాటినవారికి 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్లలోపు వారికి 200. మూడేళ్లలోపు పిల్లలకు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి నోట్లో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం పోవచ్చు.

అనాథాశ్రమాల సందర్శన పూర్తిగా ఆపేయాలి. అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, అక్కడికి తెచ్చింది పేదరికమే. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఆమోదించింది. 2010లో హైతీ భూకంపం తర్వాత ఒక అమెరికన్ చర్చి బృందం 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి అరెస్టయింది. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారని తర్వాత తేలింది. ఆశ్రమానికి ఇచ్చే డబ్బు ఆ తల్లి చేతికి అందితే బిడ్డ ఇంట్లోనే పెరుగుతుంది.

ప్రార్థన గురించీ చెప్పాలి. ప్రార్థనకు వచ్చినవారికే నీళ్లు, మందులు అనే మాట బృందంలో ఎవరి నోటా రాకూడదు. సహాయాన్ని మతప్రచారానికి వాడకూడదని రెడ్‌క్రాస్ ఉద్యమం, సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తన నియమావళి చెబుతుంది. అది లేకపోయినా, షరతు పెట్టి ఇచ్చినది కానుక కాదని విశ్వాసులకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రారంభం రోజున 20 లీటర్ల డబ్బా నిండడానికి పంపు ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చిందో లెక్కపెట్టి రాసుకోవాలి. మార్క్ 2 అయితే సుమారు 50 సార్లు. 14వ నెలలో ఇద్దరే వెళ్లి మళ్లీ లెక్కపెట్టాలి. 80 వస్తే వాషరు అరిగినట్టు. రాత్రంతా ఆగిన పంపు పొద్దున చాలాసేపు కొడితే గానీ నీళ్లు రాకపోతే కింది వాల్వో, పైపు అతుకో కారుతున్నట్టు. మధ్యలో వాషరు ఎన్నిసార్లు మార్చారో, ఎవరు మార్చారో కమిటీ పుస్తకంలో చూడాలి. మన సంఘ పత్రికలో మిషన్ యాత్రల వార్తలకు చోటిచ్చేటప్పుడు, సంపాదకులు ఫొటోల కంటే ముందు ప్రారంభం రోజున, 14వ నెలలో లెక్కపెట్టిన ఈ రెండు అంకెలు అడగాలని మా విన్నపం.