మాళ సినగాగ్‌ను ఎవరూ లాక్కోలేదు

"కేరళలో యూదులను తరిమేశారు. వాళ్ల సినగాగ్‌లను లాక్కుని మ్యూజియంలు, హాళ్లు చేసుకున్నారు. లోపలి సామాను దోచేశారు. ఇప్పుడు మిగిలింది మట్టాంచేరి ఒక్కటే." చెందమంగళం ఊళ్లోని సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ఫొటో తగిలించి ఈ మాటలు ఫోన్లలో తిప్పుతున్నారు. నాలుగు మాటలూ తప్పే.

ముందు "తరిమేశారు" అన్న మాట చూద్దాం. క్రీ.శ. 1000 ప్రాంతంలో కేరళనేలిన చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు పల్లకి, గొడుగు, పగటి దీపం లాంటి 72 మర్యాదలు రాసిచ్చిన రాగిరేకులు నేటికీ ఉన్నాయి. యూదులకు ఈ తీరంలో కష్టాలు రాలేదని అనను. 1662లో కొచ్చిలోని మట్టాంచేరి మందిరాన్ని పోర్చుగీసువారు తగలబెట్టారు. కానీ 1950లలో జరిగిన వలస వేరు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. తరతరాలుగా ప్రార్థనల్లో తలచుకున్న నేలకు వెళ్లాలని వీళ్లే కోరుకున్నారు. బోదకాలు వ్యాధి భయంతో కొంతకాలం వద్దన్నది ఇజ్రాయెల్ అధికారులు! ఎక్కువమంది 1953-55 మధ్య వెళ్లారు.

"లాక్కున్నారు" అనేవాళ్లు మాళ కథ తెలుసుకోవాలి. త్రిశూర్ జిల్లాలోని ఆ ఊరి యూదులు 1955 నాటి వలసలో వెళ్తూ తమ మందిరాన్నీ శ్మశానాన్నీ స్వయంగా పంచాయతీకి అప్పగించారు. ఊరికే అప్పగించలేదు, షరతులు రాయించుకున్నారు. మందిరాన్ని మరో మతం ప్రార్థనాస్థలంగా గానీ, కబేలాగా గానీ మార్చకూడదు. శ్మశానాన్ని కాపాడాలి. ఆ తర్వాతే అది ఊరి హాలైంది. చెందమంగళం, పరవూరు మందిరాలైతే మనుషుల్లేక శిథిలమవుతూ వచ్చాయి. వాటిని బాగుచేసి, వరసగా 2006లో, 2014లో యూదుల చరిత్ర చెప్పే మ్యూజియంలుగా తెరిచారు. పరవూరులో మేడ మీద, స్త్రీలు కూర్చునే చోటికి ముందు, యూదుల ధర్మగ్రంథమైన తోరాను చదివే రెండో వేదిక ఉంది. కేరళ సినగాగ్‌లకే ప్రత్యేకమైన ఈ కట్టడపు తీరు కళ్లారా చూడగలుగుతున్నామంటే ఆ మరమ్మతుల పుణ్యమే.

"దోచేశారు" అన్నది ఇంకా అన్యాయం. పరవూరులో తోరా చుట్టలు ఉంచే పాత చెక్క మందసం జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరింది. అక్కడే మట్టాంచేరి కడవుంభాగం మందిరపు చెక్కపని మొత్తం కొని తీసుకెళ్లి, మళ్లీ కూర్చి 1995 నుంచి చూపిస్తున్నారు.

"మట్టాంచేరి ఒక్కటే" అన్న మాట నాకు అన్నిటికన్నా బాధ. 1568 నాటి ఆ మందిరం తర్వాతి కాలంలో బయటి దేశాల నుంచి వచ్చిన పరదేశి యూదులది. మిగతావన్నీ అంతకుముందు నుంచీ ఇక్కడున్న మలబారు యూదులవి. వాళ్లు సంఖ్యలో చాలా ఎక్కువ. ఆ స్త్రీలు మలయాళంలో పాడుకున్న పాటలు నోటుపుస్తకాల్లో తరాలు దాటాయి. చెందమంగళం మందిరం ముందున్న సారా బత్ ఇస్రాయేల్ సమాధిరాయి 1269 నాటిది. పరదేశి మందిరంలోనూ కొందరిని తక్కువవాళ్లుగా వెనక కూర్చోబెట్టేవారు. దానిమీద వాళ్లలో ఒకరైన న్యాయవాది ఎ.బి. సేలం సత్యాగ్రహమే చేశారు. ఒక్క మందిరాన్ని మిగిల్చి తక్కినవి తుడిచేస్తే ఇంతమంది కనిపించకుండా పోతారు.

నిజంగా కోపం రావలసింది మాళ శ్మశానం విషయంలో. ఎకరాల కొద్దీ ఉన్న ఆ స్థలంలో కొంత భాగాన్ని ఆటల మైదానం పనులకు తీసుకున్నారు. స్థానికులే అడ్డుపడి పోరాడారు. 1955లో వెళ్లిపోయినవాళ్లు పంచాయతీతో రాయించుకున్న మాటల్లో ఆ సమాధుల రక్షణ కూడా ఉంది.