గోడవార నిమ్మచెట్టు

పోయిన చలికాలం ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వెళ్లినప్పుడు నేను చదువుకున్న బడి చూసొచ్చాను. పూర్వ విద్యార్థులం చందాలేసుకుని పంపిన డబ్బుతో ఆవరణంతా సిమెంటు పలకలు పరిచారు. బురద లేదు, దుమ్ము లేదు. గోడవార నిమ్మచెట్టూ లేదు. అది చూసి మనసు చివుక్కుమంది, ఆ చందాలో నా డబ్బూ ఉంది.

ఐదో తరగతిలో మా మాస్టారు ఆ చెట్టు దగ్గరే పాఠం చెప్పారు. ఆకు మీద పిట్టరెట్టలాంటిది కనిపిస్తే పుల్లతో మెల్లగా తాకమన్నారు. తాకగానే తల వెనక నుంచి రెండు నారింజరంగు కొమ్ములు పొడుచుకొచ్చాయి, ఘాటైన వాసన! గొంగళిపురుగు అది. రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చగా మారి, తొడుగులో ముడుచుకుని, సీతాకోకచిలుకై ఎగిరిపోయింది. రూపవిక్రియ అనే మాట పుస్తకంలో తర్వాతెప్పుడో చదివాను.

ఇంకో సంగతి. మా ఒడియా నేస్తం వేపచెట్టును చూపించి 'నిమ' అనేవాడు. కాదు, నిమ్మ అదిగో అని నేను. ఇద్దరిదీ రైటే. శాస్త్రీయ నామాలు ఎందుకో ఆ గొడవతోనే అర్థమైంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్న ఊరు మాది. బడి ఆవరణలోని ప్రతి మొక్క పేరూ తెలుగు, ఒడియా, సవర మూడింటిలోనూ పిల్లలు రాసుకోవచ్చు. సవర పేర్లు ఇంట్లో అవ్వలనడిగి తెస్తారు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లోని జీవవైవిధ్య కమిటీలు రాయాల్సిన జీవవైవిధ్య రిజిస్టర్లకు ఆ నోటుబుక్కులే పనికొస్తాయి.

మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, సంతోషం. కానీ కొండకు ఏడాదికోసారి వెళ్లడమే గొప్ప. బడి ఆవరణ రోజూ ఉంటుంది. నాలుగు పుల్లలు పాతి, తాడుతో మీటరు చదరం కట్టి, అందులో గరిక, తుమ్మి, గడ్డిచామంతి ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. అదే చదరాన్ని వానాకాలం, చలికాలం, ఎండాకాలం చూస్తే ఏది వచ్చిందో ఏది పోయిందో తెలుస్తుంది. జిల్లేడు మొక్క కనిపిస్తే పీకొద్దు, దాని ఆకులు తినే గొంగళిపురుగులుంటాయి.

పాముల టెన్షన్ టీచర్లకు ఉంది, అది నిజమైన భయమే. అందుకే ఆవరణ మొత్తం మొక్కలకు వదిలేయమనడం లేదు. నడిచే దారి శుభ్రంగా ఉంచి, ఒక మూల చాలు.

మన సంఘం ఈసారి పంపే డబ్బుతో భూతద్దాలు, నోటుబుక్కులు, కానుగ, కరివేప మొక్కలు కొందాం. గోడవార రెండు వరసల పలకలు తీయించమని హెడ్మాస్టారిని అడిగాను, వానలు మొదలవ్వగానే తీయిస్తామన్నారు. నిమ్మమొక్క నేను పంపిస్తున్నాను.